రాయదుర్గం లాబీలో ఆరని నీళ్లు

శిల్పకళలో నాకు పట్టా ఉంది. అది చేతికొచ్చాక నేను చేసిన మొదటి శిల్పం ఒక బిర్యానీ హోటల్ ముందు నిలబెట్టిన ఆరడుగుల ఫైబర్ కోడి. రెండోది ఒక ప్రైవేటు బడికి డైనోసార్. దాని తోక గేటుకు అడ్డం వస్తోందని వాళ్లే రంపంతో కోసేశారు. ఆ తర్వాత చేసినవాటి గురించి అడక్కపోతేనే మంచిది. బాలానగర్‌లో లేత్ మిషన్ల మోత మధ్య ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, బోర్డు మీద నా పేరు కింద పెద్ద అక్షరాలతో 'శిల్పి' అని రాయించుకున్నాను. పక్క షెడ్డులో నట్లూ బోల్టులూ చేసే ఆయన ఆ బోర్డును కిందినుంచి పైదాకా చూసి, "గుళ్ల పనులు గూడ చేస్తవా?" అని అడిగాడు. చెయ్యనన్నాను. "మరింకేం చేస్తవ్?" అన్నాడు. కోడి సంగతి చెప్పబుద్ధి కాలేదు.

అలాంటి నాకు రాయదుర్గం నుంచి పిలుపొచ్చింది. అక్కడ కొత్తగా లేచిన అద్దాల మేడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ దిగబోతోంది. దాని లాబీకి ఒక శిల్పం కావాలట.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, బడులు లేవు. బొగ్గు గనులు ఆగిపోయి కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే పండగ. ప్రభుత్వ బడిలో టీచరుగా పనిచేసే నా భార్య సమ్మెలో ఉంది. పొద్దున్నే జెండా పట్టుకుని ధర్నాకు పోయేది. నేను మాత్రం ఛాయ్ హోటల్లో కూర్చుని ఉద్యమంలో కళాకారుల పాత్ర గురించి గంటలకొద్దీ మాట్లాడేవాణ్ని. రాయదుర్గం నుంచి ఫోను రాగానే ఆ పాత్రను కొన్నాళ్లు పక్కన పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను.

ఆ మేడ మంచీచెడ్డా చూసే మేనేజరు గోదావరి జిల్లా మనిషి. మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించి, నెమ్మదిగా విషయంలోకి వచ్చాడు.

"మాకు నీళ్లు కావాలండి. కానీ నీళ్లు ఉండకూడదండి."

నేను తలూపాను. అర్థం కానప్పుడు తలూపడం నాకు కళాశాలలోనే అలవాటైంది. ఆయనే వివరించాడు. వాస్తు చూసినాయన ఈశాన్యంలో నీళ్లు పెట్టి తీరాలన్నాడు. ఈశాన్యంలో ఉన్నది లాబీ. లాబీ కింద ఉన్నది కరెంటు గది. అక్కడ ఫౌంటెన్ పెడితే సంతకం పెట్టేది లేదన్నారు ఇంజనీర్లు. పైగా ఇంకో సంగతి కూడా ఉంది. అంతకుముందు వీళ్లు ఉన్న మేడలో ఎవరో పెద్దమనిషి తడినేల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడట. అప్పటినుంచి ఒక రూలు పెట్టారు. లాబీ నేల మీద నీటిబొట్టు కనిపిస్తే, ఆ పూట డ్యూటీలో ఉన్న హౌస్‌కీపింగ్ మనిషి ఆ రోజే ఇంటికి పోవాలి, మళ్లీ రానక్కర్లేదు. ఆ మాట ఆయన ఇవాళ ఎండగా ఉందన్నంత మామూలుగా చెప్పాడు. నేనూ అంత మామూలుగానే విన్నాను. నిజం చెప్పాలంటే వినలేదు. అప్పటికే నా బుర్రలో ఒక ఇత్తడి బిందె గాల్లోకి లేచింది.

"బిందె అండీ," అన్నాను. ఆయన 'అండి' నాకూ అంటుకుంది. "గాల్లో వంగిన ఇత్తడి బిందె. అందులోంచి నీళ్లు నేల మీదకు దూకుతుంటాయి. బిందెకు కింద ఏమీ ఉండదు, పైన ఏమీ ఉండదు. ఆ నీళ్లే దాన్ని మోస్తున్నట్టు ఉంటుంది."

అసలు సంగతేమిటంటే, నీటిధార లోపల ఒక స్టీలు గొట్టం ఉంటుంది, బిందె దాని మీద నిలబడుతుంది. గొట్టం చుట్టూ ఆరితే గాజులా మెరిసే రెసిన్ అనే ద్రవంతో నీళ్లు చేసి దాన్ని దాచెయ్యాలి. మేనేజరు నోరెళ్లబెట్టాడు. వాస్తు ఆయనకు అక్కడినుంచే ఫోను చేసి, ఉత్తుత్తి నీళ్లు పనికొస్తాయా అని అడిగాడు. కంటికి నీళ్లు కనిపిస్తే చాలు, తడి ముఖ్యం కాదని ఆయన సెలవిచ్చాడు.

"చెయ్యగలరాండి?"

అప్పటిదాకా నేను చెంచాడు ఉత్తుత్తి నీళ్లు కూడా చేసి ఎరగను.

"నీళ్లే నా ప్రత్యేకత అండి," అన్నాను.

ఇది బాగా కుదిరితే పక్కన లేస్తున్న మరో రెండు మేడల లాబీలు కూడా మీవేనన్నాడు ఆయన. బస్సుల్లేవు కాబట్టి ఆ రోజు రాయదుర్గం నుంచి చాలా దూరం నడిచాను. దారిపొడుగునా నా కళ్లముందు మూడు లాబీలూ, వాటి మధ్య నేనూ. ఇక జన్మలో కోడి చెయ్యనవసరం లేదని ఒట్టు కూడా పెట్టుకున్నాను.

షెడ్డులో మొదటి ప్రయత్నం ఘనంగా జరిగింది. రెసిన్‌లో అది గట్టిపడటానికి హార్డనర్ కలిపి పలచటి పొరలుగా, ఒకటి ఆరాక ఇంకొకటి పొయ్యాలని డబ్బా మీద రాసే ఉంది. కానీ పట్టా ఉన్నవాడు డబ్బా మీది రాతలు చదువుతాడా? ఉన్నదంతా ఒకేసారి ట్రేలో గుమ్మరించాను. అది వేడెక్కి, పొగలు కక్కి, పెళపెళమని పగిలి, ఆముదం రంగుకు తిరిగింది. పక్క షెడ్డాయన ఇసుక బకెట్టుతో పరుగెత్తుకొచ్చి, "ఏం వండుతున్నవన్నా?" అని అడిగాడు. రెండోసారి పొరలుగానే పోశాను గానీ గిలక్కొట్టినట్టు కలపడంతో లోపలంతా బుడగలు చేరి సోడా అయింది. మూడోసారికి డబ్బా మీది రాతలు చదివాను. నెమ్మదిగా కలిపి, పలచగా పోసి, పైపైన మంట చూపిస్తే బుడగలు చిట్లిపోతాయని తెలిసింది. అక్రిలిక్ కడ్డీలను హీట్ గన్‌తో మెత్తబరచి, సాగదీసి, మెలితిప్పి నీటి తీగలు చేశాను. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు పని, పోతే దండుగ. ఎలా చెయ్యాలో తెలియనప్పుడల్లా ఇంటర్నెట్ సెంటరుకు పోయి ఏ దేశాలవో తెలియని జలపాతాల ఫొటోలు చూసి వచ్చేవాణ్ని. నల్లా కింద చెయ్యి పెట్టి చూద్దామని మాత్రం ఒక్కసారీ తోచలేదు.

ఆఖరికి నీళ్లను ముక్కలుగా ట్రాలీ ఆటోలో ఎక్కించి, గోనెపట్టాలు కప్పి రాయదుర్గం బయల్దేరాను. మూసాపేట దాటామో లేదో, రోడ్డంతా జనం. వంటావార్పు నడుస్తోంది. నడిరోడ్డు మీద రాళ్లు పెట్టి పొయ్యిలు, వాటి మీద గంగాళాలు, పక్కన పాటలు. ఆటో ఆగిపోయింది. మెడలో గులాబీ కండువా వేసుకున్న ఒక పెద్దమనిషి వచ్చి గోనెపట్టా ఎత్తి చూశాడు.

"ఏంది గిది?"

"నీళ్లు," అన్నాను.

"ఏం నీళ్లు?"

"ఉత్తుత్తి నీళ్లు. రెసిన్‌తోని చేసిన. రాయదుర్గంల కంపెనీకి."

ఆయన పట్టా దించి, నా వంక చూసి, వెనక్కి తిరిగి గట్టిగా అన్నాడు. "ఇగో సూడుండ్రి. మనం నీళ్ల కోసం రోడ్డు మీద కూసుంటె, ఈయన నీళ్లు చేసి కంపెనీలకు తోల్తున్నడు!"

అందరూ నవ్వారు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేనూ తెలంగాణవాణ్నేననీ, నా భార్య సమ్మెలోనే ఉందనీ చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేది.

"వదినె సమ్మెల ఉంటె నువ్వు డ్యూటీల ఉన్నవా?"

ఇంకా నవ్వారు. అందరికంటే గట్టిగా జై తెలంగాణ అన్నాను. అవసరమైనదానికంటే రెండుసార్లు ఎక్కువే అన్నాను. వాళ్లు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఇస్తరాకు వేసి, అన్నం, టమాట పప్పు వడ్డించారు. తినేదాకా వదల్లేదు. ఆటో డ్రైవరు రెండుసార్లు వడ్డించుకున్నాడు. పోయేముందు కండువా ఆయన ఆ నీటిధారను గోటితో టకటకా కొట్టి చూసి, "కిరాక్ ఉన్నదన్నా" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా పరువు సగం తిరిగొచ్చింది.

లాబీలో చుట్టూ పరదాలు కట్టి పని మొదలుపెట్టాను. అక్కడే ఆమె పరిచయమైంది. లాబీ తుడిచే అక్క. నలభై అయిదేళ్లుంటాయి. పాలమూరు వైపు నుంచి వచ్చింది. రాయదుర్గం వెనక బస్తీలో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉంటున్నారు. తెల్లాపూర్‌లో అపార్టుమెంట్ల పనిలో పరంజా మీదినుంచి పడి, ఆమె భర్త ఆర్నెల్లుగా కాలుకు కట్టుతో మంచంలో ఉన్నాడు. అత్త ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. ఇంతమందికీ ఆమె కొలువే ఆధారం. ఇదంతా నేను అడిగి తెలుసుకున్నది కాదు. ఆమె నేల తుడుస్తూ ఫోనులో మాట్లాడుతుంటే చెవిన పడింది. నాకు నీళ్ల మీద తప్ప ధ్యాస ఎక్కడుంది?

రెండోరోజు ఆమె పరదా పక్కకు జరిపి, నేను బిగిస్తున్న ధారను కాసేపు చూసింది.

"నీళ్లు గిట్ల పడయి సారూ," అంది.

నాకు ఒళ్లు మండింది. నాలుగేళ్లు చదువుకున్నవాణ్ని. రూపం, గతి, లయ అంటూ ఏదో చెప్పబోయాను. ఆమె ఓపిగ్గా విని, "అయితె జర ఇట్ల రా" అని మేడ వెనక్కి తీసుకుపోయింది. అక్కడ నల్లా దగ్గర బిందె నింపి, చంకనెత్తి, వంచింది.

"సూడు. బిందె వంచంగనె ఒక్కతీరుగ రావు. గుబగుబ అంటయి. నీళ్లు బయటికి రావాలంటె గాలి లోపటికి పోవాలె గద. జర ఆగుతయి, జర దూకుతయి. నీది సూస్తె నల్లా ఇప్పినట్టున్నది."

మూడుసార్లు నింపి మూడుసార్లు వంపింది. నిజమే. ధార ఒక చోట లావెక్కి, మెడ దగ్గర సన్నబడి, మళ్లీ ఉబ్బి దూకుతోంది. ముప్ఫయ్యేళ్లు వచ్చినా బిందెలోంచి నీళ్లు ఎలా పడతాయో నేను ఒక్కసారీ చూడలేదు. మా ఇంట్లో నీళ్లు పట్టింది ఎప్పుడూ అమ్మో, అక్కో, తర్వాత నా భార్యో. నేను తాగే పని మాత్రం శ్రద్ధగా చేశాను.

చేసిన ధారంతా పీకేసి మళ్లీ చేశాను. ఈసారి నేల మీద మడుగు దగ్గరకొచ్చాను. మడుగు అంచు కనబడకుండా వేలితో పలచగా రాస్తుంటే ఆమె మళ్లీ ఆపింది.

"పాలిష్ బండ మీద నీళ్లు గట్ల కలిసిపోవు సారూ. గుండ్రంగ అంచు కట్టుకొని, ఉబ్బి నిలబడ్తయి. దుమ్మున్న కాడ గోలీలెక్క ఉరుకుతయి. రోజు తుడిచేదాన్ని, నాకెర్క లేదా?"

ఆమె చెప్పినట్టే రెసిన్ కాస్త చిక్కబడేదాకా ఆగి పోశాను. అంచు గుండ్రంగా ఉబ్బి నిలబడింది. నల్ల గ్రానైటు మీద దీపాల వెలుతురు ఆ అంచు వెంట పరుగెత్తుతుంటే నాకే దాహమేసింది. ఆ సాయంత్రం మేనేజరు వచ్చి చూసి, "అద్భుతమండి, ఎలా పట్టారండి ఇదంతా?" అని అడిగాడు. "పరిశీలన అండి," అన్నాను. ఎవరి పరిశీలనో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆఖరి మూడు రోజులు ఆమె లాబీలో కనపడలేదు. సమ్మెతో పనివాళ్లు చాలామంది రాలేకపోతుంటే ఆమెను పై అంతస్తులకు పంపారు. నా పని పూర్తయింది. శిల్పం చుట్టూ నేల మీద సన్నటి ఇత్తడి గీత ఒకటి పొదిగారు. నీళ్లు ఆ గీత లోపలే ఉండాలని మేనేజరు మొదట్లోనే చెప్పాడు. లోపల ఉన్నది శిల్పం, బయట ఉన్నది నేల, అంతే లెక్క. ప్రారంభోత్సవానికి ముందురోజు సాయంత్రం పరదాలు విప్పేశాక నేను దూరంగా నిలబడి చూసుకున్నాను. అంతా బాగుంది. అక్కడితో సామాను సర్దుకుని ఇంటికి పోతే సరిపోయేది.

కానీ నాకు ఆశ పుట్టింది. ఎవరో ఒకరు నా నీళ్లు చూసి ప్యాంటు అంచు పైకి లాక్కోవాలి. ఒక్కరైనా పాదం ఎత్తి దాటాలి. గీత లోపల ఉన్న నీళ్లను శిల్పం అనుకుంటారు గానీ నీళ్లనుకోరు కదా? గిన్నెలో మిగిలిన రెసిన్ ఉంది. గీత దాటి రెండడుగుల అవతల, రిసెప్షన్‌కు పోయే దారిలో, అరచేయంత మడుగు ఒకటి పోశాను. దాని చుట్టూ సిరంజితో నాలుగైదు చుక్కలు చల్లాను, బిందెలోంచి చిందినట్టు. ఎవరికీ చెప్పలేదు. చెబితే మజా ఏముంది? ఈల వేసుకుంటూ ఇంటికి పోయాను.

మర్నాడు పదిన్నరకు బెంగుళూరు నుంచి కంపెనీ పెద్దాయన వస్తున్నాడు. నేను ఎనిమిదిన్నరకే చేరి, స్తంభం పక్కన నిలబడి జనం పాదాలు ఎత్తడం చూడాలనుకున్నాను. దారిలో రాస్తారోకో. నడిచి నడిచి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. లాబీలోకి అడుగుపెట్టి చూస్తే గీత అవతల నా మడుగు లేదు. దాని స్థానంలో గ్రానైటు పాలిష్ పోయి తెల్లటి మచ్చ ఉంది. గీకిన గీతలు అక్కడితో ఆగలేదు. ఇత్తడి గీత దాటి పెద్ద మడుగు అంచు మీదికి కూడా వెళ్లాయి. గుండ్రంగా ఉబ్బి నిలబడ్డ ఆ అంచు ఒక జానెడు మేర పిల్లి గీరినట్టయింది.

తలుపు దగ్గరి సెక్యూరిటీ ఆయన్ను అడిగాను.

"మన పాలమూరు అక్క సార్. ఇయ్యాల మల్ల లాబీకి పంపిండ్రు, పొద్దుగాల ఆరింటికి డ్యూటీకొచ్చింది. రాంగనె బండ మీద నీళ్లు కనబడ్డయంట. తుడిస్తె పోలె. ఎవరన్న సూస్తె ఏమైతదో అని యాసిడ్ పోసింది, బ్లేడ్‌తోని గీకింది. చుక్కల ఎంబడి గీక్కుంట పెద్ద మడుగు దాక పోయింది. గంట సేపు గీకింది పాపం."

ఇప్పుడు రాయబోయేది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. అది విని నేను ఆనందపడ్డాను. మామూలు ఆనందం కూడా కాదు, చంకలు గుద్దుకున్నంత ఆనందం. నీటి అంచు ఎలా ఉంటుందో నాకు నేర్పిన మనిషే నా నీటిని చూసి నీళ్లనుకుంది! వెంటనే స్తంభం చాటుకు పోయి నా భార్యకు ఫోను చేశాను. ఆమె ధర్నాలో ఉంది, వెనక నినాదాలు వినబడుతున్నాయి.

"నా నీళ్లు సూసి నిజం నీళ్లనుకున్నరు!" అని అరిచాను.

"ఎవరు?"

"లాబీ తుడిచే అక్క. గంట సేపు తుడిచిందంట!"

వెనక ఒక నినాదం లేచి ఆగింది.

"మరి ఆమెకేమైంది?" అంది.

తల తిప్పి చూశాను. లాబీ అవతలి చివర, పనివాళ్ల తలుపు దగ్గర ఆమె నిలబడి ఉంది. గీకే బ్లేడును రెండు చేతులతో వెనక్కి దాచుకుంది. ముందు సూపర్‌వైజరు నిలబడి వేలు చూపిస్తూ తిడుతున్నాడు. ఆమె తల వంచుకుని నేలనే చూస్తోంది. ఆ నేల మీద ఒక్క బొట్టు కనిపిస్తే ఏమవుతుందో మేనేజరు నాకు మొదటిరోజే చెప్పాడు. ఆ బొట్టు నేనే పోశాను.

ఫోను పెట్టేశాను.

అంతలో మేనేజరు లిఫ్టు దిగి వచ్చాడు. సూపర్‌వైజరు ఆమెను అక్కడిదాకా తీసుకొచ్చి, "శిల్పం ఖరాబ్ చేసింది సార్, నీళ్లనుకున్నదట" అన్నాడు. మేనేజరు వంగి గీతలు చూసి, ఆ మచ్చ చూసి, గడియారం చూసుకున్నాడు. పెద్దాయన రావడానికి ఇంకా ముప్పావుగంట ఉంది.

"ఏవండీ శిల్పి గారూ, ఏం జరిగిందండి? తప్పెవరిదండి?"

నిజం చెబితే సరిపోతుందనిపించింది. నా నీళ్లు అంత సహజంగా ఉన్నాయి కాబట్టి ఆమె పొరపడింది. ఆ మాట విని మేనేజరు నన్ను నెత్తిన పెట్టుకునేవాడు. కానీ పొరపడినా శిల్పాన్ని గీకింది ఆమే కాబట్టి ఆమెను ఇంటికి పంపేవాళ్లు. పోనీ గీత దాటి పోసింది నేనేనని కూడా చెబితే? "ఏది శిల్పమో ఏది నీళ్లో తెలియకుండా యాసిడ్ పోస్తావా?" అని సూపర్‌వైజరు అప్పటికే అడిగేశాడు. ఆ ప్రశ్న ఆమె మీదినుంచి పోదు. నా గొప్పా ఉండాలి, ఆమె కొలువూ ఉండాలి, అలాంటి మాట ఏదైనా దొరుకుతుందేమోనని నిలబడినచోటే వెతికాను. ఒక నిమిషం వెతికి ఉంటాను. ఆమె ఒకసారి తలెత్తి నా వంక చూసింది.

"తప్పు నాదండి," అన్నాను. "హార్డనర్ పాళ్లు తప్పాయి. రెసిన్ ఆరలేదు, బంకబంకగా ఉండిపోయింది. కాలికి అంటుకుంటుందని నేనే నిన్న సాయంత్రం ఈ అక్కకు కబురు పెట్టాను, పొద్దున్నే గీకెయ్యమని. అంచు మీద కూడా ఆరలేదు, అందుకే అక్కడా గీకమన్నాను."

అబద్ధం ఇంత సాఫీగా వస్తుందని నేననుకోలేదు. నిజాలు చెప్పేటప్పుడు ఎప్పుడూ ఇంత బాగా మాట్లాడి ఉండను. సూపర్‌వైజరు ఆమె వంక తిరిగి, "సారు చెప్పిండని ముందే చెప్పొద్దా?" అని కసిరాడు. ఆమె నోరు తెరిచి, నన్ను చూసి, మూసుకుంది.

మేనేజరు ముఖంలో మర్యాద అలాగే ఉంది గానీ దాని వెనక దీపం ఆరిపోయింది.

"అంటే మిగతాది కూడా ఇలాగే అవుతుందాండి? బిందె ఊడి పడదు కదా?"

"పడదండి." నా గొంతు నాకే నమ్మకంగా వినపడలేదు.

"నీళ్లే మీ ప్రత్యేకత అన్నారు కదండీ."

నేను నీళ్లు నమిలాను.

"సరేనండి. తక్కిన రెండు లాబీల సంగతి తర్వాత మాట్లాడుకుందామండి," అన్నాడు. మన దగ్గర ఆ 'తర్వాత' ఎప్పుడు వస్తుందో తెలియనివాళ్లెవరూ ఉండరు. ఆ లాబీలు బొంబాయి నుంచి వచ్చిన ఎవరో చేశారని తర్వాత విన్నాను.

గీతల మీద ఒక పెద్ద మొక్కల కుండీ తెచ్చి పెట్టించారు. పదిన్నరకు పెద్దాయన వచ్చాడు. ఫోనులో మాట్లాడుతూ బిందె పక్కనుంచే నడిచిపోయాడు. పాదం ఎత్తలేదు. వెంట వచ్చినవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఆ మొక్క బాగుందన్నారు.

మధ్యాహ్నం నా సామాను తీసుకుపోదామని మేడ వెనక్కి వెళ్లాను. ఆమె నల్లా దగ్గర కూర్చుని తుడుపు గుడ్డలు ఉతుకుతోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"సారూ, నువ్వు నాకు కబురు పంపలే గద?" అంది.

"పంపుదామనుకున్న అక్కా. మర్సిపోయిన."

"నిజంగనే ఆరలేదా? నా కొలువు పోతదని గట్ల చెప్పినవా?"

ఆమె గుడ్డ ఉతకడం ఆపి నా ముఖంలోకి చూస్తోంది. సారు పని పాడుచేశానన్న భయం ఇంకా ఆ చూపులో ఉంది. ఆ రెసిన్ ఆరింది. రాయిలా ఆరింది. యాసిడ్‌కు చావలేదు, బ్లేడుకు గంట సేపు లొంగలేదు. నేను అంతకుముందు పోసినవాటిలో ఏదీ అంత బాగా ఆరలేదు.

"నిజంగనే ఆరలె అక్కా. నువ్వు గీకకపోయినా అది ఊడొచ్చేదే. నీ తప్పేం లేదు."

ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. భుజాలు దిగాయి. భయం పోయింది, ఆ వెంటనే నా మీద జాలి మొదలైంది.

"తక్కిన రెండు బిల్డింగుల పని గూడ పోయినట్టేనా?"

"పోయినట్టే."

"ఫికర్ చెయ్యకు సారూ. చిన్నోనివే ఇంకా. చేసుకుంట పోతె చేతికొస్తది. ఒక్కసారికే వస్తదా ఎవలకన్న?" గుడ్డ పిండి పక్కన పెట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "ఒక్క మాట చెప్పాల్నా? నవ్వద్దు. గీకకముందు గా నీళ్లను మూడుసార్లు తుడిచిన. తుడిచినప్పుడల్ల గుడ్డను బకెట్ల పిండుతున్న. మూడోసారి పిండంగ సూస్తె గుడ్డ పొడిగనె ఉన్నది. పొడిగుడ్డను పిండుతున్న నేను! గంత మంచిగ చేసినవు. ఆరకపాయె గని."

ఆ తర్వాత చాలా ఏళ్లలో చాలా చోట్ల నేను ఉత్తుత్తి నీళ్లు చేశాను. బాగున్నాయన్నారు, చప్పట్లు కొట్టారు, శాలువాలు కూడా కప్పారు. పొడిగుడ్డను పిండానని చెప్పినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఆ మాట విన్న క్షణంలో, అది ఆరిందక్కా, బ్రహ్మాండంగా ఆరింది, నువ్వు చూసింది నా చేతిపనే అని అరవాలనిపించింది. నోటిదాకా వచ్చింది. ఆమె నిశ్చింతగా నవ్వుతోంది.

"నేర్చుకుంట అక్కా," అన్నాను.

"గట్లనే నేర్చుకో," అని బకెట్టు ఎత్తుకుని ఆమె డ్యూటీకి లోపలికి పోయింది.